లోకాంతాన్ని ఆపిన లింగమూర్తి

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే లింగమూర్తి ఎరుకలో లోకం ఇప్పటికి నాలుగుసార్లు అంతమైంది. స్కైలాబ్ నెత్తిన పడుతుందన్నప్పుడు అతనికి అప్పుడప్పుడే మీసం మొలుస్తోంది. ఎట్లాగూ పోయేవాళ్లం, కడుపు మాడ్చుకొని పోవడం ఎందుకని వాడంతా యాటలు కోసుకొని తింది. స్కైలాబ్ పోయి ఎక్కడో సముద్రంలో పడింది గానీ, తిన్న యాటలు తిరిగి రాలేదు. ఆ తర్వాత రెండు వేల సంవత్సరం అన్నారు, పన్నెండో సంవత్సరం అన్నారు, మొన్న కరోనా అన్నారు. ప్రతిసారీ తెల్లారి పాలవాడు వచ్చాడు, కరెంటు పోయింది, లింగమూర్తి మగ్గం గుంటలోకి దిగి పనిలో పడ్డాడు.

అందుకే ఒక ఆదివారం అతని భార్య చిలుకమ్మ ప్రార్థన నుంచి వచ్చి, "ప్రభువు వాకిట్లకొచ్చి నిలబడ్డడట" అని చెప్పినప్పుడు అతను తల కూడా ఎత్తలేదు.

"పాపం, ఎంతసేపు నిలబడ్తడు? కుర్చీ ఎయ్యి," అన్నాడు.

నోరు అట్లాంటిది గానీ మనిషి చెడ్డవాడు కాడు. ఎల్లమ్మకు కల్లు పోస్తాడు, మేడారం పోయి బెల్లం ఇస్తాడు, క్రిస్మస్ నాడు చర్చిలో వరుసలో ముందు కూర్చొని బిర్యానీ తింటాడు. ఏ దేవుడితోనూ అతనికి పేచీ లేదు. ఏ దేవుడి మనుషులు చెప్పిందీ పూర్తిగా నమ్మడు, అంతే.

చిలుకమ్మ అట్లా కాదు. ఏది పట్టినా గట్టిగా పడుతుంది. పక్కింటి మొగిలమ్మ పాటలు బాగుంటాయని వెంట తీసుకుపోతే, పాటల కోసం పోయిన మనిషి ఆరు నెలల్లో బాప్తిస్మం తీసుకొని వచ్చింది. ఆ వాడ చివర రేకుల షెడ్డులో ఉన్న కడబూర ప్రార్థనా మందిరం వాళ్లది. షెడ్డు వెనక సిమెంటు తొట్టి ఉంటుంది, అందులోనే ముంచుతారు. పాస్టర్ ఇమ్మానుయేలు ఆమెకు సారమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో ఆయన తప్ప ఇంకెవరూ పిలవరు. ఆనాటి నుంచి చిలుకమ్మ అబద్ధం ఆడటం మానేసింది. ఇంట్లో లేనని చెప్పించుకోవడానికి కూడా పనికిరాకుండా పోయిందని లింగమూర్తి బాధ.

పాస్టర్ ఇమ్మానుయేలు ఒకప్పుడు సెల్లు దుకాణం నడిపినవాడు, మాట చకచకా వస్తుంది. ఆయన లెక్క ఇది. ఏ క్షణంలోనైనా ఆకాశంలో బూర మోగుతుంది. రెప్పపాటులో నమ్మినవాళ్లంతా పైకి ఎత్తబడతారు. మిగిలినవాళ్లకు ఏడేళ్లు శ్రమలు. క్రీస్తు విరోధి వచ్చి నొసటనో చేతినో మృగం ముద్ర వేస్తాడు. ఆ తర్వాత ప్రభువు దిగి వచ్చి వెయ్యేళ్లు పాలిస్తాడు.

"ఎట్ల ఎత్తుకపోతడు? చీరెతోనా, చీరె లేకుండనా?" అని లింగమూర్తి అడిగాడు.

"బట్టలు ఈడనే పడి ఉంటయట. ఆడ మహిమ వస్త్రం ఇస్తరు."

"అయితె పట్టుచీరె కట్టుకోని చర్చికి పోకు. ఆ మొగిలి ఎత్తుకపోతది."

"మొగిలక్క గూడ నాతోనే వస్తది. నువ్వు జూసుకో నీ సంగతి," అంది చిలుకమ్మ. అని ఊరుకోక, ఎప్పటిలాగే, "నువ్వు గూడ మునుగరాదయ్యా" అంది. లింగమూర్తి ఎప్పటిలాగే వినిపించుకోలేదు.

ఆమె మునిగిన నాటి నుంచి ఇట్లా పదేళ్లు గడిచిపోయాయి. నవ్వులాటగానే గడిచిపోయేవి గానీ, చిలుకమ్మ కండ్లకు పొర వచ్చింది.

మొదట మగ్గం మీదనే తెలిసింది. జంపఖానా మగ్గం వెడల్పు. ఒక్కరితో సాగదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఈ కొస నుంచి ఒకరు నూలు కండె ఉన్న నాడె విసిరితే ఆ కొసన ఇంకొకరు అందుకోవాలి. పెళ్లయిన మర్నాటి నుంచి వాళ్లిద్దరూ అట్లాగే కూర్చున్నారు. మాటలు ఆగిన రోజులున్నాయి గానీ నాడె ఆగిన రోజు లేదు. అట్లాంటిది చిలుకమ్మ చేతికి అందాల్సిన నాడె కింద పడటం మొదలుపెట్టింది. తర్వాత తెగిన పోగు కనపడక వేళ్లతో తడిమేది. తర్వాత చాయ్ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోసింది.

లింగమూర్తి ఆమెను ఆటోలో హనుమకొండ కంటి దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ సుభాషిణి లైటు వేసి చూసి, పొర బాగా ముదిరిందని చెప్పింది. "ఇట్లనే వదిలేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. నరం దెబ్బతిన్నదంటే ఆ తర్వాత ఆపరేషన్ చేసినా చూపు రాదు. దసరా దాటనియ్యకండి. ఒక కన్నయినంక ఇంకొకటి," అంది.

ఇల్లు చేరాక చిలుకమ్మ, "నేను చేయించుకోను" అంది.

"ఎందుకట?"

"ఎత్తబడ్డంక కొత్త శరీరం ఇస్తడు దేవుడు. అండ్ల కొత్త కండ్లుంటయి. రేపో మాపో కొత్తయి వస్తాంటె ఈ పాతయి కోపిచ్చుకునుడెందుకు? గదీగాక ఆ లోపల పెట్టే అద్దం మీద నంబరుంటదట. కార్డు గూడ ఇస్తరట. నొసటి కింద నంబరు పెట్టిచ్చుకోని నేను ప్రభువుకు మొకం ఎట్ల చూపియ్యాలె?"

నంబరు సంగతి వాట్సాప్‌లో వచ్చింది. వాట్సాప్‌లో వచ్చినదాన్ని పాస్టరయ్య కాదనలేదు. కాదనకపోతే అవుననే అర్థం.

లింగమూర్తి మొదటిసారి లోకాంతానికి భయపడ్డాడు. బూర మోగుతుందని కాదు. మోగకుండా ఏడాది గడిచిపోతుందేమోనని. ఆ లోపల ఆమె కండ్లు శాశ్వతంగా పోతాయి. నలభై ఏళ్లుగా పక్కన కూర్చొని తిట్టిన మనిషి తనను చూడకుండా తిట్టడం అతను ఊహించుకోలేకపోయాడు.

ఆ నడుమనే పాస్టర్ ఇమ్మానుయేలు మందిరానికి పెద్ద జంపఖానా నేయించుకోవడానికి వచ్చాడు. తెల్లటి నేత మీద ఎర్ర పట్టెలు, నీలం పట్టెలు కావాలన్నాడు. "గట్టిగుండాలె బ్రదర్, పదేండ్లయినా కదలద్దు" అన్నాడు.

లింగమూర్తికి దేవుడే దొరికినట్టయింది. "రేపో మాపో పొయ్యేటోళ్లకు పదేండ్ల జంపఖానా ఎందుకయ్యగారూ?" అన్నాడు, భార్య వైపు చూస్తూ.

పాస్టరయ్య దగ్గాడు. చిలుకమ్మ దగ్గలేదు. "అది మాకు గాదు. మేము పోయినంక నీ అసొంటోళ్లు వచ్చి కూసోని ఏడ్సెటందుకు," అంది. పాస్టరయ్య ఆ మాట తర్వాతి ఆదివారం ప్రసంగంలో వాడుకున్నాడు.

జంపఖానా సగానికి వచ్చేసరికి లింగమూర్తి పరకాలలో చుట్టాల చావుకు పోవాల్సి వచ్చింది. పని ఆగొద్దని చిలుకమ్మ పక్కన మొగిలమ్మ కూర్చుంది. ఇద్దరి కండ్లూ కలిపినా ఒక మంచి కన్ను కాదు. లింగమూర్తి తిరిగి వచ్చి చూస్తే గుండె ఆగినంత పనైంది. తెలుపు బాగానే ఉంది, ఎరుపు బాగానే ఉంది, నీలం ఉండాల్సిన చోట నలుపు ఉంది. దాని తర్వాత తెలుపు అనుకొని, మూలకు పడేసిన పాలిపోయిన పచ్చ నూలు నేసేశారు. ఇప్పటిదాకా కొత్తవాడలో ఎవరూ నేయని, ఇకముందు నేయకూడని రంగు అది.

విప్పుదామని కూర్చునేసరికి పాస్టర్ ఇమ్మానుయేలు వచ్చాడు. చూశాడు. చూసి, నేల మీద మోకాళ్లూనాడు.

"తెల్లది, ఎర్రది, నల్లది, పాలిపోయింది! నాలుగు గుర్రాలు! కడవరి దినాలల్ల వచ్చే నాలుగు గుర్రాల రంగులు, అదే వరుసల! సారమ్మా, ఇది నీతోని ఎవరు నేపిచ్చిన్రు?"

"నాకేం తెల్వది అయ్యగారూ. చెయ్యి దానంతట అదే పోయింది," అంది చిలుకమ్మ. అబద్ధం ఆడలేదు. చెయ్యి దానంతట అదే పోయిన మాట నిజమే, కన్ను లేకుండా.

"అయ్యగారూ, అది కంట్ల మోతిబిందు నేసింది, దేవుడు గాదు," అని లింగమూర్తి మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? పాస్టరయ్య అప్పటికే ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. సాయంత్రానికి నర్సంపేట నుంచి, జనగామ నుంచి ఆటోలు కట్టించుకొని వచ్చి జంపఖానాను చూసి ఏడ్చారు. చిలుకమ్మ చేత తలల మీద చేతులు పెట్టించుకున్నారు. కండ్లు బాగుంటే అది తప్పు నేత. కండ్లు పోయాయి గనక దర్శనం. ఇంక ఆపరేషన్ మాట ఎత్తితే, దేవుడు మూసిన కన్ను తెరవడానికి నువ్వెవడివని చిలుకమ్మ మీదికి వచ్చేది.

ముల్లును ముల్లుతోనే తీయాలని లింగమూర్తికి తోచింది. ఫోను నోటి దగ్గర పెట్టుకొని, "ఏసయ్య ఇప్పుడే రాడు అని చెప్పే పాస్టర్" అని అడిగాడు. ఒకరు కాదు, డజను మంది తెర మీదికి వచ్చారు. ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారు. అందులో బ్రదర్ సంసోను హనుమకొండవాడే. టైర్ల దుకాణం మీద రెండో అంతస్తులో ఆయన మందిరం. చిలుకమ్మను అక్కడికి తీసుకుపోయాడు.

సంసోను మీసాలూ గొంతూ రెండూ పెద్దవే. "ఎవలమ్మా నీకు చెప్పింది, శ్రమలకు ముందే ఎత్తబడ్తమని? అట్ల ఏడుందో చూపియ్యి! ముందు ఏడేండ్ల శ్రమలు, వాటిల్ల సంఘం నలగాలె, ఆ తర్వాతనే రాకడ," అన్నాడు.

ఏడేళ్లు! లింగమూర్తి ఆనందం పట్టలేక ఆయన చేతులు పట్టుకున్నాడు. ఏడేళ్లలో రెండు కండ్లేమిటి, మోకాళ్లు కూడా మార్పించవచ్చు. "విన్నవా? పైగా క్రీస్తు విరోధి వచ్చినప్పుడు వాని మొకం గుర్తువట్టాలన్నా కండ్లుండాలె గదనే," అన్నాడు భార్యతో.

కానీ సంసోను అక్కడితో ఆగలేదు. శ్రమల కాలంలో పట్నాల్లో ఉండకూడదని, తన సంఘం ఏటూరునాగారం అడవిలోకి పోతుందని, ఇప్పటికే చోటు చూశారని చెప్పాడు. ఇంటికి వచ్చిన మర్నాడు చిలుకమ్మ అటుకులు, చింతపండు, అగ్గిపెట్టెలు మూట కట్టసాగింది. ఎందుకైనా మంచిది, ఎత్తబడకపోతే అడవికి పోదామంది.

"మేడారం జాతరకు పోయినప్పుడు మూడు దినాలు ఉండలేక నెత్తి తిన్నవు. ఏడేండ్లు ఉంటవా అడివిల? అదీ కండ్లు లేకుంట?"

"నువ్వుంటవు గద చెయ్యి వట్టుకునెటందుకు," అంది ఆమె మూట బిగిస్తూ. ఆపరేషన్ మాట పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టయింది.

చివరి ప్రయత్నంగా మిషన్ కాలపు పాత రాతి చర్చికి పోయారు. అక్కడి రెవరెండ్ సత్యానందం రిటైర్‌మెంటుకు దగ్గర్లో ఉన్న పెద్దమనిషి. చాయ్ ఇప్పించాడు, బిస్కెట్లు ఇప్పించాడు. ఆయన మాట మెత్తన.

"వెయ్యేళ్లంటే లెక్కకు వెయ్యేళ్లు కాదమ్మా. అదొక పోలిక. ఆ పాలన ఇప్పుడే, మనలోనే నడుస్తున్నది. గుర్రాలూ మృగాలూ కూడా పోలికలే. యుద్ధం, కరువు, చావు ఎప్పుడు లేవు చెప్పు? దినం ఎప్పుడన్నది మనకెందుకు, మన పని మనం చెయ్యాలె."

లింగమూర్తికి ఆ మాటలు చల్లగా తగిలాయి. చిలుకమ్మకు మాత్రం వెయ్యేళ్ల పాలన హనుమకొండ చౌరస్తాలో ఇప్పుడే నడుస్తోందంటే నమ్మకం కుదరలేదు. "ఇదేనా అయ్యగారూ పాలన? ఇంత ట్రాఫిక్ల?" అంది. రెవరెండు నవ్వాడు. ఆయన చేసిన మేలు ఒక్కటే. అద్దం మీది నంబరు సంగతి అడిగితే, కళ్లజోడు తీసి, "నాకు రెండు కండ్లల్లనూ పెట్టిన్రు తల్లీ. మృగం ఇంతవరకు నన్ను అడగలేదు," అన్నాడు.

నంబరు భయం అట్లా పోయింది. అయినా చిలుకమ్మ ఒప్పుకోలేదు. ఎందుకో ఇప్పుడు కారణం కూడా చెప్పడం మానేసింది. దసరా దగ్గరపడింది. లింగమూర్తికి ముగ్గురు పాస్టర్లు చెప్పిన మూడు లోకాంతాలూ కంఠతా వచ్చాయి, ఏదీ పనికి రాలేదు. అన్నం సయించడం మానేసింది.

ఒక పొద్దున అతను ముందే లేచి మగ్గం గదిలో మూలన స్టూలు మీద కూర్చున్నాడు. బీడీ కూడా ముట్టించలేదు. చిలుకమ్మ గోడ తడుముకుంటూ వచ్చి, అతనికి రెండడుగుల దూరంలో మోకాళ్లూని, కొంగు నెత్తిన వేసుకొని ప్రార్థన మొదలుపెట్టింది. పొద్దు పొడిచింది, గదిలో వెలుతురుంది. ఆమెకు అతను కనపడలేదు.

"ప్రభువా, ఇయ్యాల గూడ రాకు," అంది చిలుకమ్మ.

లింగమూర్తి స్టూలు మీద ముందుకు వంగాడు.

"దినాం ఇదే అడుగుతాన, కోపం చేస్కోకు. అందరు రా రా అని ఏడుస్తాన్రు, నేనొక్కదాన్నే వద్దంటాన. ఈ మొండోడు ఇంక మునుగలే. నువ్వొచ్చి నన్ను తీస్కపోతె ఈయనొక్కడే ఉంటడు. కూర అండుకునుడు తెల్వది. నాడె ఏస్తె అందుకునెటోళ్లుండరు. నాకు కొత్త కండ్లొద్దు, పాతయి గూడ వద్దు. నా కండ్లు నువ్వే ఉంచుకో, ఈయన్ని మాత్రం ఇడిసిపెట్టకు. అప్పటిదాంక జర ఆగు."

అది బేరమని అతనికి అప్పుడు తెలిసింది. కండ్లు ముడుపు కట్టింది. ఎల్లమ్మకు కోడిని మొక్కినట్టు, మేడారంలో బెల్లం మొక్కినట్టు, ఆమె తన రెండు కండ్లను తన మొగుడి కోసం మొక్కుకుంది. ఎంతమంది పాస్టర్లు ముంచినా చిలుకమ్మ చిలుకమ్మే. లింగమూర్తికి ఏడుపొచ్చింది. ఆపుకోలేక పెద్దగానే ఏడ్చాడు.

చిలుకమ్మ ఉలిక్కిపడి, "ఎవలదీ?" అంది.

"నేనేనే."

"నువ్వెప్పుడొచ్చినవు? దొంగలెక్క కూసున్నవేంది?" ఆమె సిగ్గుతో మండిపడింది.

అతను స్టూలు దిగి ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. ముక్కు తుడుచుకున్నాడు. ఏడుపు తగ్గాక బుద్ధి మెల్లగా దారికొచ్చింది. "అయితె ఇన్నేండ్ల సంది లోకాన్ని ఆపింది నేనేనన్నట్టు," అన్నాడు.

"నువ్వు గాదు. నేను."

"నువ్వు ఆపుమంటె ఆయన ఆగుతాండు గదా?"

"ఆగుతాండు. ఇంకా రాలే గద."

"మరి కండ్లెందుకు మధ్యల? ఆయన అడిగిండా నీ కండ్లు? నువ్వే ఇస్తనన్నవు. కోళ్లడిగే దేవత గాదు గదా మీ ప్రభువు. ఊకెనే ఇచ్చెటోడని నువ్వే గద చెప్తవు."

పదేళ్లుగా ఆమె అతనికి చెప్పిన బోధే అది.

"చూడు, ఒక మాటనుకుందాం," అన్నాడు లింగమూర్తి. "నేను మునుగనంతసేపు ఆయన రాడు. ఆ లోపల నువ్వు రెండు కండ్లు చేపిచ్చుకో. చుక్కల మందు అయిపోయిన్నాడు, నువ్వు కండ్లార చూస్తాంటె, ఆ తొట్టిల నేను మునుగుత. ఎల్లమ్మకు నేను చెప్పుకుంట. నన్ను జూడకుంట నువ్వు బతుకుడు నాతోని గాదే చిలుకా. కొత్త కండ్లు ఆడ ఇస్తడో ఇయ్యడో, ఈడ మాత్రం నన్ను జూడాలె నువ్వు."

అట్లాంటి మాట అతను పెళ్లయ్యాక ఎన్నడూ అనలేదు. చిలుకమ్మ చెయ్యి చాపి, అతని చెంప ఎక్కడుందో వెతికి, తడి తుడిచింది. "ఎప్పుడు పోదామంటవు దవాఖానకు?" అంది.

దసరాకు ముందు ఒక కన్ను, దీపావళి అయ్యాక రెండోది చేశారు. మొదటి కన్ను కట్టు విప్పిన రోజు ఆమె డాక్టరమ్మను చూసింది, గోడ మీది క్యాలెండరును చూసింది, తర్వాత లింగమూర్తిని చాలాసేపు చూసింది. "గింత ముసలోడివైనవా?" అంది. "నాకెర్క లేకుంట ఎప్పుడైనవు?"

చుక్కల మందు అయిపోయింది. మాట ప్రకారం ఒక ఆదివారం లింగమూర్తి తెల్ల లుంగీ, తెల్ల బనీను వేసుకొని షెడ్డు వెనక్కి పోయాడు. తొట్టి నిండా నీళ్లు పట్టారు. మొగిలమ్మ పాట ఎత్తుకుంది. పాస్టర్ ఇమ్మానుయేలు తొట్టిలోకి దిగి చెయ్యి చాపాడు. లింగమూర్తి ఒక కాలు నీళ్లలో పెట్టాడు.

చిలుకమ్మ తొట్టి అంచున నిలబడి అతన్నే చూస్తోంది. నెరిసిన వెంట్రుకలు, బయటపడ్డ మెడ ఎముకలు, చలికి వణికే పెదవులు. పదేళ్లు బతిమాలిన క్షణం ఇది.

"అయ్యగారూ, ఇయ్యాల వద్దు," అంది. "ఈనకు రాత్రి సంది జెరమున్నది."

పాస్టరయ్య లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి ఒంట్లో జ్వరమూ లేదు, గిరమూ లేదు. పదేళ్లలో ఒక్క అబద్ధం ఆడని చిలుకమ్మ నిండు సంఘం ముందు నిలబడి అబద్ధం ఆడింది. ఆడి, తల కూడా దించుకోలేదు. అతను నీళ్లలోంచి కాలు తీసి, మెల్లగా దగ్గాడు.

ఇద్దరూ ఇంటికి నడిచారు. దారిలో లింగమూర్తి, "ఏమైందే? ఇన్నేండ్లు మునుగు మునుగు అని పాణం తీసినవు," అన్నాడు.

"మునుగుదువు తీయ్. ఏడికి పోతవు," అంది చిలుకమ్మ, అతని ముఖం నుంచి కండ్లు తిప్పకుండా. "రెండు వేల ఏండ్లు ఆగినోడు, ఇంకిన్ని దినాలు ఆగడా? ఇప్పుడిప్పుడే కనవడ్తానవు. జర సూడనియ్యి."